కత్తెర ముచ్చట్లు: పక్షిని చూపించకుండా భయపెట్టడం

పోయిన నెల ఈ పేజీలో ఓ మాట జారాను. ఫాంటసీ సినిమా ట్రైలర్‌లో అసలు మాయ గ్రాఫిక్స్ వాళ్లది కాదు, కత్తెర పట్టినవాడిది, అంటే నాలాంటి ఎడిటర్‌ది అని. అన్నాక మీరు ఊరుకుంటారా? చెన్నైలో పెరంబూరు నించి పల్లావరం దాకా ఉత్తరాలు. ఒకాయన, "ఉల్లిపాయలు తరిగినవాడు వంటంతా నాదే అన్నట్టుంది" అని రాశారు. పోలిక బ్రహ్మాండంగా ఉంది, ఇకమీద నేనే వాడుకుంటాను. ఈ నెల జవాబులన్నీ ఆ జారిన మాట చుట్టూనే.

ప్రశ్న: సార్, ట్రైలర్‌లో ఒళ్లు గగుర్పొడిచిన ఘట్టమే సినిమాలో చూస్తే నవ్వొస్తోంది. అదే కోట, అదే రాక్షసుడు. మధ్యలో ఏం చేస్తారు మీరు?
— డిగ్రీ విద్యార్థి, పెరంబూరు

జవాబు: తమ్ముడూ, నా చేతిమీదుగా జరిగిందే చెబుతాను. సినిమా పేరు అడక్కు. అది ఆడలేదు, నిర్మాతకి ఆ పుండు ఇంకా మానలేదు.

కోట మీదికి గండభేరుండం దిగే ఘట్టం. రెండు తలల పక్షి. సినిమాలో ఆ షాట్ నిడివి 4 సెకన్ల 6 ఫ్రేములు. ఫ్రేము అంటే కదిలే బొమ్మలో ఒక్క నిశ్చల చిత్రం; సెకనుకి 24 లెక్కన 102 ఫ్రేములన్నమాట. ట్రైలర్ విడుదలకి పదకొండు రోజులుంది. సీజీ వాళ్ల (కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్ల) దగ్గర్నించి పూర్తయి వచ్చింది 38 ఫ్రేములు. మిగతాదంతా బూడిద రంగు బొమ్మ. ఈకల్లేవు, కళ్లు లేవు, బొచ్చు పీకి బల్లమీద పెట్టిన కోడిలా ఉంది. దర్శకుడు తలపట్టుకుని కూర్చున్నాడు. ట్రైలర్ మొత్తం ఆ పక్షి మీదే నిలబెట్టాలని ఆయన ఆరునెలలుగా కలలు కంటున్నాడు మరి.

ఆ రాత్రి సాలిగ్రామంలో మా గదిలో నేనూ, మా అసిస్టెంటూ కూర్చుని రష్ అంతా, అంటే షూటింగ్‌లో తీసిందంతా, మొదట్నించీ తిరగేశాం. (వాడు తమిళ కుర్రాడు. తెలుగు సినిమాలు చూసి తెలుగు నేర్చుకున్నాడు. అందుకని టీ కావాలా అని అడిగినా పంచ్ డైలాగ్ వేసినట్టే ఉంటుంది.) మేం వెతికింది పక్షి కోసం కాదు, పక్షిని చూసిన మొహాల కోసం.

దొరికినవి ఇవీ. కోటగోడ కింద ఎనిమిదేళ్ల పిల్లాడు తలెత్తి చూస్తున్నాడు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది: 41 ఫ్రేములు. బావిలో నీళ్లమీదుగా ఓ నీడ పాకిపోవడం: 22. తల్లికోడి పిల్లల్ని రెక్కల కిందికి లాక్కోవడం: 19. ఆ తరవాత తెర మొత్తం నలుపు, 10 ఫ్రేములు. ఆ చీకట్లోనే పెద్ద గుడారం గుడ్డ గాలికి విప్పుకున్నట్టు ఓ చప్పుడు. అప్పుడు, సీజీ వాళ్లిచ్చిన 38లోంచి ఏరుకున్న 14 ఫ్రేములు. అందులోనూ పక్షి లేదు. తెర నిండా ఈకలు, వాటి అంచున ఎండ. అంతే, టైటిల్ కార్డు.

కూడితే 106 ఫ్రేములు. సినిమాలో పక్షి దిగిన షాట్‌కన్నా నాలుగే ఎక్కువ. ట్రైలర్ చూసినవాళ్లు ఆ పక్షి ఎంత పెద్దదో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. ఒకాయన తాడిచెట్టంత అన్నాడు, ఇంకొకాయన గోపురమంత అన్నాడు. మేం చూపించింది మూరెడు ఈక.

ఇందులో రెండు దొంగతనాలున్నాయి. కోడి షాట్ ఎవరూ తీయాలని తీసింది కాదు. సెకండ్ యూనిట్ వాళ్లు కెమెరా ఆపడం మరిచిపోతే అదే రికార్డయిపోయింది, ఎన్‌జీ (పనికిరానివి వేసే) ఫోల్డర్లో పడుంది. ఇక పిల్లాడు. వాడికోసం వెదురుకర్ర చివర ఆకుపచ్చ బంతి కట్టి, "అదే పక్షి, చూసి భయపడరా" అని పదమూడు టేకులు తీశారు. పదమూడింటిలోనూ వాడు భయపడుతున్నట్టు నటించాడు. పదమూడోదానికి కట్ చెప్పేశాక, లైట్లు ఆపకముందు, దూరాన ఏదో వస్తుంటే నోరు తెరిచి చూశాడు. ఏమిటా అని ఆ రోజు సెట్లో ఉన్నవాళ్లని అడిగితే చెప్పారు, భోజనాల వ్యాన్. నేను వాడుకున్నది ఆ 41 ఫ్రేములే.

ఇది నా గొప్ప కాదు. వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అని ఓ దర్శకుడు చేసి చూపించాడు. మొజూఖిన్ అనే నటుడి మొహం, ఏ భావమూ లేని ఒకే షాట్. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఓ స్త్రీ. చూసినవాళ్లు ఆకలి ఎంత బాగా నటించాడు, దుఃఖం ఎంత బాగా నటించాడు అని మెచ్చుకున్నారట. కులెషోవ్ ఏమీ లేని మొహంలో ఆకలి చూపించాడు. నేను నిజంగా ఆకలేసిన మొహంలో భయం చూపించాను. ఆ వ్యాన్‌లో ఆ రోజు సాంబారన్నం.

ఇక నీ అసలు ప్రశ్న, సినిమాలో ఎందుకు నవ్వొచ్చిందని. 102 ఫ్రేములు ఏకబిగిన చూపిస్తే కంటికి లెక్కలు చూసుకునే తీరిక దొరుకుతుంది. ఇంత పక్షి వాలితే గోడ అదరలేదేం, దుమ్ము లేవలేదేం, నీడ ఎండకి ఎదురుగా పడిందేం అని. 14 ఫ్రేములంటే అర సెకను పైన రెండు ఫ్రేములు. ఆ లోపల కన్ను ప్రశ్న వేయలేదు, నమ్మడం ఒక్కటే చేయగలదు. మిగతాది నీ బుర్రే గీసుకుంటుంది. నువ్వు గీసుకున్న పక్షికి బడ్జెట్ కొరత ఉండదు కదా.

ఉల్లిపాయల పెద్దమనిషికి ఇక్కడే ఓ మాట. ఆ 14 ఫ్రేముల ఈకలు అద్భుతంగా చేసిన పిల్లలు సీజీ గదిలో ఉన్నారు. అవి ప్లాస్టిక్‌లా ఉండుంటే నా కోళ్లూ బావులూ ఏవీ ఆదుకునేవి కావు. పోయిన నెల మాటని సగం వెనక్కి తీసుకుంటున్నాను. సగమే.

ప్రశ్న: ట్రైలర్‌ని సినిమా ఎడిటరే కట్ చేస్తారా, వేరేవాళ్లా? ఎంత నిడివి ఉండాలని రూలు ఏమైనా ఉందా?
— బ్యాంకు ఉద్యోగి, అంబత్తూరు

జవాబు: రెండు రకాలూ ఉన్నాయి. సినిమా ఎడిటర్‌కి అందులో ప్రతి షాటూ కడుపున పుట్టిన బిడ్డ, ఏదీ వదల్లేడు. బయటివాడికి ఆ మమకారం ఉండదు. నాలాంటివాణ్ణి పిలిచేది అందుకే, కాస్త కసాయితనం కోసం. నిడివికి మన దగ్గర రాసిపెట్టిన రూలేమీ నేనెరగను, రెండు రెండున్నర నిమిషాలు అలవాటుగా నడుస్తోంది. అమెరికాలో థియేటర్ యజమానుల సంఘం 2014లో రెండు నిమిషాలు చాలని మార్గదర్శకాలు పెట్టింది. నేను పని నేర్చుకున్న రోజుల్లో నిడివిని నిమిషాల్లో చెప్పేవాళ్లు కాదు, అడుగుల్లో చెప్పేవాళ్లు. 35 ఎంఎం ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. "రెండొందల అడుగుల్లో తేల్చెయ్యవయ్యా" అనేవారు మా గురువుగారు. ఇప్పటికీ ఎవరైనా "ఇంకో పది సెకన్లు పెంచుదామా" అంటే నాకు పదిహేనడుగుల ఫిల్ము మెడకి చుట్టుకున్నట్టే ఉంటుంది.

ఇంకో తమాషా. ట్రైలర్ అంటే వెనకాల వచ్చేది. 1910లలో అమెరికాలో దాన్ని సినిమా అయిపోయాక చివర వేసేవారట. అప్పటికి జనం లేచి వెళ్లిపోతున్నారని ముందుకి తెచ్చారు. పేరు మాత్రం వెనకే ఉండిపోయింది.

ప్రశ్న: ఈ ఫాంటసీ ట్రైలర్లలో ఆ బూమ్ బూమ్ శబ్దాలేమిటండీ? మా మనవణ్ణి తీసుకెళితే చెవులు మూసుకుని నా ఒళ్లో తల దాచుకున్నాడు. మెల్లగా భయపెట్టడం మీకు రాదా?
— ఒక అమ్మమ్మ, చూళైమేడు

జవాబు: వచ్చమ్మా. కానీ మెల్లగా భయపెట్టడానికి ధైర్యం కావాలి. నిర్మాత పక్కన కూర్చుని ఉండగా ఒకటిన్నర సెకను నిశ్శబ్దం పెట్టి చూడండి, "సౌండ్ పోయిందా?" అని అడుగుతాడు.

ఆ బూమ్ అనే బాకా మోత 2010 ప్రాంతంలో హాలీవుడ్ ట్రైలర్లలో బాగా పాకింది, అక్కణ్నించి మనదాకా వచ్చింది. మొదట్లో నాకూ నచ్చింది, కాదనను. ఇప్పుడు కోట కనబడితే బూమ్, కత్తి కనబడితే బూమ్, కథానాయిక జడ ముందుకి వేసుకుంటే బూమ్.

శబ్దానికో కిటుకుంది, అది అంకెల్లోనే ఉంది. అమెరికాలో థియేటర్ ట్రైలర్ల మోతకి 85 డెసిబెల్స్ అని ఓ హద్దు పెట్టారు. అది ఏ ఒక్క క్షణానికో కొలిచేది కాదు, ట్రైలర్ మొదట్నించి చివరిదాకా తీసే సగటు. సగటు కాబట్టి, మధ్యలో నిశ్శబ్దం పొదుపు చేసుకున్నవాడు చివర్లో ఒక్క దెబ్బ గట్టిగా కొట్టుకోవచ్చు. మొదట్నించీ వాయించేవాడి జేబులో చివరికి చిల్లర కూడా మిగలదు. ఇంట్లో ఖర్చుల లెక్కే ఇదీనూ, మీకు నేను చెప్పాలా?

మీ మనవడికి చెప్పండి. పోయిన ఏడాది నేను కట్ చేసిన ఒక ట్రైలర్‌లో గుహలో పడుకున్న రాక్షసుడి ఊపిరి వినిపిస్తుంది. అది మా ఇంటి గ్రైండర్. ఆదివారం పొద్దున మా ఆవిడ ఇడ్లీ పిండి వేస్తుంటే ఫోన్లో రికార్డు చేశాను. పప్పు గట్టిగా ఉన్నప్పుడు రాయి కొంచెం మొరాయిస్తుంది, మళ్లీ నీళ్లు చిలకరిస్తే జారుతుంది. ఆ మొరాయింపునీ ఆ జారుడునీ నాలుగోవంతు వేగానికి తగ్గిస్తే ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి. మా ఆవిడ తిట్టింది వెనకాల సన్నగా ఉండిపోయింది. అది తీయలేదు నేను. వేగం తగ్గించాక అదీ ఏదో ప్రాచీన మంత్రంలా ఉంది.

ప్రశ్న: ట్రైలర్‌లో హీరో ఏదో సవాలు విసురుతుంటే పైన వేరే దృశ్యాలు. సినిమాలో చూస్తే ఆ డైలాగు అక్కడ లేదు, అసలు ఆ మనిషితో కాదు. ఇది టిక్కెట్టు కొన్నవాణ్ణి మోసం చేయడం కాదా?
— న్యాయవాది, షావుకారుపేట

జవాబు: వకీలు గారూ, నేరం ఒప్పుకుంటున్నాను, శిక్ష తగ్గించండి.

మాట ముందు వినిపించి మనిషిని తరవాత చూపించడం, మనిషి పోయాక కూడా మాట సాగడం, ఇవి ఎడిటింగ్‌లో అక్షరాభ్యాసం. జే కట్, ఎల్ కట్ అంటాం. వాటిలో మోసం లేదు. ఫాంటసీకి ఇవి మరీ అవసరం, ఎందుకంటే కొత్త లోకానికి కొత్త చట్టం ఉంటుంది. "సూర్యగ్రహణం నాడు మాత్రమే ఈ ద్వారం తెరుచుకుంటుంది" లాంటి ముక్క ఒకటి ముసలి గొంతులో వినిపించకపోతే ఆ తరవాత పరుగులూ యుద్ధాలూ అన్నీ గాలిపటాలే, కింద దారం ఉండదు. అందుకే నేను ముందు బొమ్మలు పేర్చను. ఒక్క గొంతు ఎంచుకుని, దాన్ని దండలో దారంలా పరిచి, తరవాత పువ్వులు గుచ్చుతాను.

తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, మాటని కోసినప్పుడు. ఇక్కడ మన భాషకి ఓ ప్రత్యేకమైన ప్రమాదముంది. ఇంగ్లీషులో "కాదు" అనే మాట వాక్యం మధ్యలోనే వచ్చేస్తుంది. మనకి అన్నిటికన్నా చివర వస్తుంది. పాతికేళ్ల కిందట, చేతి దురద తీరని వయసులో, ఒక జానపద చిత్రానికి ట్రైలర్ కట్ చేస్తున్నాను. రాణి పాత్ర చేసినావిడ సభలో అంటుంది, "మహారాజును చంపించింది నేను కాదు" అని. నేను ఆ చివరి "కాదు" తీసేశాను. "మహారాజును చంపించింది నేను..." అక్కడ ఒరలోంచి కత్తి దూసిన షాట్ అతికించాను. నిర్మాత ఎగిరి గంతేశాడు, నాకు ఆ రోజు బిర్యానీ.

విడుదలయ్యాక ఆవిడ ఫోన్ చేసింది. అరవలేదు. "నేను ఆ ఒక్క 'కాదు' కోసం రెండు రోజులు సాధన చేశానండీ" అంది. సినిమా అంతా ప్రేక్షకులు ఆవిడ ఎప్పుడు విషం కలుపుతుందా అని చూస్తూ కూర్చున్నారు. ఆవిడ ఏడిస్తే నటిస్తోందన్నారు. ఒక మంచి పాత్రని మూడు నెలల ముందే నేను ఖూనీ చేశాను. ఆ తరవాత ఎన్ని ట్రైలర్లు చేశానో, వాక్యం తోక మాత్రం ముట్టుకోలేదు.

ఈ సందర్భంలోనే ఇంకో చిన్న సంగతి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ఆగుతాయి. రాముడు, యుద్ధము, వస్తాడు. తమిళం వెర్షన్ కట్ మీద తెలుగు డైలాగు పెడితే ఆ చివరి "డు" గొంతు నొక్కినట్టు తెగుతుంది. మూడు నాలుగు ఫ్రేములు ఊపిరికి వదలాలి. నాలుగు భాషల్లో ఒకేరోజు విడుదలయ్యే ట్రైలర్లలో తెలుగు ఎక్కడో ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టు అనిపించిందా? డబ్బింగ్ వాళ్లని తిట్టకండి, ఆ నాలుగు ఫ్రేములు ఎవరో మిగుల్చుకున్నారు.

ప్రశ్న: మేము వాహిని స్టూడియో గేటు ముందు నిలబడి పెరిగినవాళ్లం. "మాయాబజార్"లో ఇంత హడావుడి లేకుండా ఎంత మాయ చూపించారు! మీ సెకనుకో కట్ చూస్తే మాకు తల తిరుగుతోంది. చేతగాకనే కదా ఈ కుప్పిగంతులు?
— 81 ఏళ్ల పాఠకుడు, వడపళని

జవాబు: పెద్దాయనా, సగం కేసులో మీదే గెలుపు. ఆ వాహిని ఉన్నచోట ఇప్పుడు మాల్ ఉంది. నేను ఎస్కలేటర్ ఎక్కినప్పుడల్లా ఘటోత్కచుడు ఏ ఫ్లోరులో తిన్నాడో అనుకుంటూ ఎక్కుతాను.

కానీ ఒకటి మనవి చేయనివ్వండి. 1957 నాటి ఆ మాయలోనూ కత్తెర ఉంది. మనిషి మాయమవడం అనే పనే కత్తెరతో పుట్టింది. 1896లో పారిస్‌లో జార్జ్ మెలియెస్ అనే ఇంద్రజాలికుడు వీధిలో కెమెరా తిప్పుతుంటే ఫిల్ము ఇరుక్కుని కాసేపు ఆగిపోయిందట. సరిచేసుకుని మళ్లీ తిప్పాడు. తరవాత తెరమీద వేసి చూస్తే, వెళుతున్న బస్సు ఉన్నట్టుండి శవాల బండి అయిపోయింది. ఈ కథ ఆయనే చెప్పుకున్నాడు. ఆ తరవాత కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్లీ తిప్పి, ఆ అతుకు దగ్గర ఫ్రేములు కత్తిరించి నున్నగా చేసేవాడు. నారదుడు అంతర్ధానమైనా, మాంత్రికుడు పొగలోంచి ఊడిపడినా తాత ఆయనే. అప్పటి కట్ దాక్కుంది. ఇప్పటి కట్ గజ్జెలు కట్టుకుని తిరుగుతోంది. మీకు తల తిరిగేది ఆ గజ్జెల చప్పుడుకి.

మీ సినిమాలోంచే ఇంకో ముక్క. ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? ఎవరు తెరిస్తే వాళ్ల మనసులో ఉన్నది అందులో కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు తెరిస్తే శకుని! ట్రైలర్‌కి అంతకన్నా మంచి బొమ్మ నాకు ఇంతవరకు దొరకలేదు. ఒకే రెండు నిమిషాలు వేస్తే అభిమానికి హీరో కనబడతాడు, పంపిణీదారుకి మొదటి మూడు రోజుల వసూళ్లు కనబడతాయి, సీజీ కుర్రాడికి సమయం చాలక వదిలేసిన వేలిగోరు కనబడుతుంది. నాకు 1 నిమిషం 12వ సెకను దగ్గర రెండు ఫ్రేములు ఆలస్యంగా వేసిన కట్ కనబడుతుంది, ఎన్నిసార్లు చూసినా.

ప్రశ్న: ఒక్కసారిగా నెమ్మదించి, మళ్లీ ఝుమ్మని పరిగెత్తే ఆ షాట్లు ఎలా చేస్తారన్నా? నేను ఫోన్లో ప్రయత్నిస్తే కుదుపుగా వస్తోంది.
— పదో తరగతి, వ్యాసర్పాడి

జవాబు: సెకనుకి 120 ఫ్రేములు తీసి 24తో వేస్తే అయిదు రెట్లు నెమ్మది. పరిగెత్తాల్సిన చోట అయిదింటికి ఒకటి చొప్పున ఏరుకోవడమే. కుదుపు ఎందుకంటే, అంత వేగంగా తీసిన ఒక్కో ఫ్రేమూ గాజుముక్కలా స్పష్టంగా ఉంటుంది. మామూలు షాట్‌లో చెయ్యి ఊపితే కొంచెం చెరిగినట్టు ఉంటుంది కదా, ఆ చెరుపు ఇక్కడ ఉండదు. దాన్ని ఎడిటింగ్‌లో నువ్వే కలపాలి. మోషన్ బ్లర్ అని వెతుకు. ఇంకోటి, నెమ్మది ఎక్కడ మొదలుపెట్టాలో కత్తి తగిలిన చోట చూసుకోకు, తగలబోయే ముందు చూసుకో. తగిలాక నెమ్మదిస్తే అది రీప్లే, క్రికెట్‌లో చూపించేది.

ప్రశ్న: టైటిల్ పడేటప్పుడు తెలుగు అక్షరాల కింద ఒత్తులు ఎందుకు తెగిపోతాయి? ఇంగ్లీషు టైటిల్ మాత్రం బంగారంలా మెరుస్తుంది.
— తెలుగు పండితురాలు, టి.నగర్

జవాబు: అమ్మా, ఈ బాధ నాకే అనుకున్నాను! ఆ బంగారం కరిగే బొమ్మ ముందు ఇంగ్లీషు అక్షరాలకి తయారవుతుంది. వాటికి పైనా కిందా పెద్దగా ఏమీ ఉండదు. మన "స్త్రీ" చూడండి, పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు, మూడంతస్తుల మేడ. ఇంగ్లీషు టైటిల్ కోసం కొలిచిన పెట్టెలో దాన్ని కూరితే పునాది తెగిపోతుంది. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో తెలుగు సెట్టింగ్ సరిగ్గా పెట్టకపోతే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి, తప్పిపోయిన పిల్లల్లా. నేనైతే తెలుగు టైటిల్‌ని టైప్ చేయను. చేత్తో రాయించి, బొమ్మగా పెట్టి, దానికే మెరుపు వేయిస్తాను. కోడంబాకంలో పోస్టర్లు రాసిన ఓ పెద్దాయన ఉన్నారు, ఒత్తుకి కూడా వంపు తిప్పుతారు. రెండు రోజులు ఆలస్యం, నాలుగు తిట్లు. ఆ తిట్లు నేను పడతాను.

ప్రశ్న: నాకు సినిమా వాళ్లెవరూ తెలియదు, కంప్యూటర్ కూడా అంతంతమాత్రం. ట్రైలర్ కట్ చేయడం ఇంట్లో కూర్చుని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— నర్సింగ్ విద్యార్థిని, తాంబరం

జవాబు: మీ మేడమీద మొదలుపెట్టమ్మా. సాయంత్రం అయిదున్నరకి మీ అమ్మగారో పక్కింటివాళ్లో బట్టలు తీయడానికి పైకి వస్తారు కదా. ఫోన్ పట్టుకుని మూడే షాట్లు తియ్యి. ఒకటి, ఆవిడ మొహం, ఏదో ఒకటి చూస్తూ. చూడమని చెప్పకు, నీళ్ల ట్యాంకు నిండి పొర్లేదాకా ఆగు, ఆవిడే చూస్తుంది. రెండు, తీగమీద చీర గాలికి ఒక్కసారిగా లేవడం. మూడు, తలుపు సందులోంచి మెట్ల మీది చీకటి.

ఇప్పుడు ఈ మూడింటిని పది సెకన్లలో మూడు రకాలుగా పేర్చు. మొహం ముందు పెట్టి ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి. శబ్దం ఆ మేడమీదిదే వాడు, లోకల్ రైలు కూతతో సహా. సంగీతం పెట్టావో, పని నువ్వు చేసినట్టు కాదు, అది చేసినట్టు. మూడూ మీ హాస్టల్‌లో వరసగా ముగ్గురికి చూపించి, మెట్ల మీద ఏముంది అని అడుగు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి పత్రిక చిరునామాకి పంపు. వీడియో అక్కర్లేదు. ఆ కాగితం చూస్తే నాకు తెలిసిపోతుంది, మొహాన్ని ఎక్కడ పెట్టావో.